ఆగిపోవలసిన ఆట

ఆ శనివారం పొద్దున ఇంట్లో ఉన్నది వీళ్ళు. వంటింటి కిటికీ దగ్గర టీ కప్పు పట్టుకుని నిలబడ్డ నాన్న, ఊరి ఫుట్‌బాల్ జట్టు మేనేజర్ నార్మన్ టాటర్‌సాల్. విరిగిన కాలికి పిండికట్టు వేయించుకుని, దాన్ని స్టూలు మీద చాపుకుని కూర్చున్న అమ్మ, ఐరీన్. పొయ్యికి వీపు పెట్టి పేపరు చదువుతున్న అమ్మ తండ్రి, తాత హెర్బర్ట్. చీకటితోనే వచ్చి టోస్టు నములుతున్న జట్టు ట్రైనర్ ఆర్నాల్డ్. ముందు గదిలో సోఫా మీద దుప్పటి ముసుగేసుకుని, ఒళ్ళు కాలిపోతూ మూలుగుతున్న గోల్‌కీపర్ డెనిస్. పెళ్ళికాని ఆటగాడు ఎవరో ఒకరు ఎప్పుడూ మేనేజర్ ఇంట్లోనే ఉండేవాడు. ఆ పైన మెట్ల మీద, ఎవరికీ అడ్డం రాకుండా, లోర్నా.

బయట రాత్రంతా మంచు కురిసింది. చెత్తడబ్బాల మూతలు, గోడలు, వీధి చివర ఎస్కర్‌బీ టౌన్ మైదానం రేకుల కప్పు అన్నీ ఒకే తెలుపు.

"వినండర్రా," అన్నాడు తాత పేపరు ఎత్తి. "'మా మేనేజర్ మీద బోర్డుకి పూర్తి నమ్మకం ఉంది.' ఛైర్మన్ బ్లీస్‌డేల్ గారి నోటి మాట. ఐరీన్, పెట్టెలు దించమ్మా."

ఆర్నాల్డ్ ఫక్కున నవ్వాడు. అమ్మ మొహం చూసి నవ్వు మింగేసి టోస్టు మీద పడ్డాడు. ఛైర్మన్ పేపర్లో నమ్మకం గురించి మాట్లాడాడంటే ఆ మేనేజర్‌కి రోజులు దగ్గర పడ్డట్టేనని ఆ వంటింట్లో అందరికీ తెలుసు.

లోర్నాకూ తెలుసు. నాన్న మోకాలు చెడి ఆట మానేసిన ఏడాదే ఆమె పుట్టింది. అప్పటినుంచీ ఆయన మేనేజరే. ముందు ఒక రేవు ఊరు, తర్వాత ఒక బొగ్గు గనుల ఊరు, ఆ తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. అన్నీ నాలుగో డివిజన్ అడుగున కొట్టుమిట్టాడే జట్లే. ప్రతిచోటా ఇల్లు క్లబ్బుదే. ఉద్యోగం పోయిన వారంలోపు తాళంచెవి ఇచ్చేయాలి. ప్రతిచోటా కొత్త బడి, కొత్త బెంచీ, "టాటర్‌సాల్, గట్టిగా మాట్లాడు" అనే కొత్త టీచరు. ఎస్కర్‌బీలో మాత్రం ఇది రెండో చలికాలం. ఇక్కడ పాలీన్ ఉంది. లోర్నా ఒక మాట మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతే, మిగతాది వచ్చేదాకా ఓపిగ్గా కూర్చునే పిల్ల. అలాంటి స్నేహం ఆమెకు ఇంతకుముందు ఏ ఊళ్ళోనూ దొరకలేదు. ఈ ఊరు వదిలితే మళ్ళీ దొరుకుతుందనే ఆశా లేదు.

"జ్వరంతో పడ్డవాళ్ళు డెనిస్‌తో కలిపి ఎంతమంది?" అని అడిగాడు నాన్న, కిటికీలోంచి కళ్ళు తిప్పకుండా.

"ఏడుగురు బాస్. రెండో కీపర్‌కి వేలు విరిగింది కదా, వాణ్ణి కలపలేదు," అన్నాడు ఆర్నాల్డ్.

నాన్న మంచునే చూస్తూ, "ఇంకా పడేట్టుందా?" అన్నాడు.

ఆ గొంతులో ఉన్నది బెంగ అనుకుంది లోర్నా. ఆట రోజు మంచు పడితే ఎస్కర్‌బీలో ఒక పద్ధతి ఉంది. మేనేజర్ ఇంట్లోంచి ఎవరో ఒకరు వీధంతా తిరిగి తలుపులు కొట్టాలి. జనం బొగ్గు పారలు పట్టుకుని వచ్చి మైదానం శుభ్రం చేస్తారు. పోయినేడు అమ్మ వెళ్ళింది. ఈసారి అమ్మ కదల్లేదు. తాతకి ఆయాసం. ఎవరూ ఆ ఊసే ఎత్తకపోవడం చూసి, వెళ్ళేవాళ్ళు లేకే నాన్న అలా నిలబడ్డాడనుకుంది. అడగడానికి నోరు పెగల్లేదు. ఓడిపోతే ఉద్యోగం పోతుంది సరే, అసలు ఆటే జరక్కపోతే గెలిచేది ఎలా? నాన్న బూట్లలో రెండు జతల మేజోళ్ళు కుక్కి వేసుకుని, వెనక గుమ్మంలోంచి బయటపడింది.

మొదటి ఇంటి ముందు ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. తలుపు తీసినవాడు మిల్లులో పనిచేసి మానేసిన ఆక్రాయిడ్.

"మంచు..." అంది లోర్నా. "మా నాన్న... మైదానం..."

"ఓరి దేవుడా, మేనేజర్ గారి అమ్మాయికి మాటలొచ్చు! మార్జరీ! ఏయ్ మార్జరీ! పార ఎక్కడ దాచావే?"

"నా నెత్తి మీద పెట్టుకున్నా, వచ్చి తీసుకో!" అంది లోపల్నుంచి వాళ్ళావిడ.

రెండో ఇంటికి మాట కొంచెం తేలికైంది. వీధి చివరికొచ్చేసరికి లోర్నా వెనక ఒక ఊరేగింపే తయారైంది. ఆమె జన్మలో అంతమందితో మాట్లాడలేదు. చెంపలు చలికి మండుతున్నాయో సంబరానికో తెలియలేదు.

పది దాటేసరికి మైదానం పచ్చగా బయటపడింది. తీసిన మంచునంతా గీతల అవతల దిబ్బలుగా పోశారు. "మన ఫార్వర్డ్‌ల కంటే ఈ ముసలాళ్ళే చురుగ్గా ఉన్నారు, సాయంత్రం వీళ్ళనే ఆడిద్దాం," అని ఎవరో అంటే అందరూ నవ్వారు. అప్పుడే నాన్న, ఆర్నాల్డ్, మైదానం చూడడానికి వచ్చిన రిఫరీ ముగ్గురూ గేటులోంచి వచ్చారు.

నాన్న ఉన్నచోటే ఆగిపోయాడు.

"వీళ్ళందరినీ ఎవరు పిలిచారు?"

"ఇంకెవరు, నీ కూతురే!" అన్నాడు ఆక్రాయిడ్ పార మీద గడ్డం ఆనించి. "ఆణిముత్యాన్ని కన్నావు నార్మన్. తలుపులు విరగ్గొట్టిందనుకో."

నాన్న లోర్నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది ఆమెకు ఎందుకో. చెయ్యి తీసి ఆమె తల మీద పెట్టాడు. ఆ చెయ్యి చాలా బరువుగా ఉంది.

రిఫరీ బంతిని నాలుగు చోట్ల ఎగరేసి చూశాడు. మడమతో నేల తన్నాడు. "పైపైన బాగానే ఉంది. అడుగున రాయిలా ఉంది," అన్నాడు. "ఎటైనా చెప్పొచ్చు. మీరేమంటారు టాటర్‌సాల్ గారూ? మీ కుర్రాళ్ళకి దెబ్బలు తగులుతాయంటే ఇప్పుడే ఆపేస్తాను."

పారల చప్పుడు ఆగిపోయింది. అందరూ నాన్న మొహంలోకే చూస్తున్నారు. చెమటతో పొగలు కక్కుతున్న ముసలాళ్ళు, చేతులు కందిపోయిన ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య తన బూట్లు తొడుక్కున్న కూతురు. నాన్న ఆ గుంపునంతా ఒకసారి చూశాడు.

"ఆడొచ్చు," అన్నాడు.

జనం కేకలు వేశారు. లోర్నా కూడా వేసింది, తన గొంతు తనకే కొత్తగా వినబడింది. పారలు పెట్టే షెడ్డు పక్కన ఆర్నాల్డ్ ఆమె భుజం తట్టి పక్కకు పిలిచాడు. తిట్టడానికి కాదు.

"అమ్మడూ, నిన్న సాయంత్రం మీ నాన్న దేవుణ్ణి ఏమడిగాడో తెలుసా? మంచు. ఇవాళ ఆట ఆగిపోతే వచ్చే వారానికి ఆ ఏడుగురూ లేచి తిరుగుతారు. ఇవాళే ఆడితే..." ఇంక చెప్పకుండా ముక్కు తుడుచుకున్నాడు. "పోన్లే. నీకెలా తెలుస్తుంది."

లోర్నా రిఫరీ వెనక పరుగెత్తి ఏదైనా చెప్పాలనుకుంది. అతను అప్పటికే టీ తాగడానికి లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర జనం కిక్కిరిసి, ఆమె వీపు తట్టి మెచ్చుకుంటున్నారు.

ఆడడానికి వచ్చిన జట్టు పట్టికలో ఎస్కర్‌బీ కంటే కింద, అట్టడుగున ఉన్నది. వాళ్ళ మీద గెలవకపోతే ఇంకెవరి మీదా గెలవలేరని ఊరంతా అనుకుంటూనే వచ్చింది. ఎడమవైపు డిఫెండర్‌కి గ్లవ్స్ తొడిగి గోల్లో నిలబెట్టారు. మొదటి బంతి అతని చేతుల్లోంచి సబ్బులా జారింది. సగం ఆటకే అవతలివాళ్ళు నాలుగు గోల్స్ కొట్టారు. ఇద్దరు జ్వరంతోనే దిగారు. ఒకడు గీత దగ్గర వంగి వాంతి చేసుకుని మళ్ళీ లేచి పరుగెత్తాడు. రెండో సగంలో, పొద్దున తీసి పోసిన మంచు దిబ్బల్లోంచి జనం ఉండలు చేయడం మొదలుపెట్టారు. మొదటిది నాన్న కూర్చున్న బెంచీ పైకప్పు మీద పడింది. తర్వాతివి గురి చూసుకుని వచ్చాయి.

"ఇంటికి పో నార్మన్!" అని అరిచినవాడు ఆక్రాయిడ్.

నాన్న టోపీ తీసి దులుపుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆట ముగిసేదాకా లోపలికి వెళ్ళలేదు.

రాత్రి భోజనాల వేళకీ బ్లీస్‌డేల్ ఫోన్ చేయలేదు. సోమవారం పొద్దున ఆఫీసుకు రమ్మని వేరే ఎవరిచేతో చెప్పించాడు. లోర్నా ప్లేటులో ఆలూ అలాగే ఉండిపోయింది.

"నాన్నా, నేను..."

"మంచి పని చేశావు," అన్నాడు నాన్న. "ఈ ఊరికి అదే మర్యాద. అంతమందిని పిలిచావంటే మాటలా?" ఆమె ప్లేటులోని ఆలూ ఒకటి తన ఫోర్కుతో తీసుకుని తిన్నాడు. ఆకలి ఉన్నట్టు నటించాడని ఆమెకు తెలుసు.

సోమవారానికి ఇంకా ఒక రోజుంది. ఆదివారం మధ్యాహ్నం లోర్నా ఎవరికీ చెప్పకుండా కొండ మీది వీధికి వెళ్ళింది. బ్లీస్‌డేల్‌కి ఊళ్ళో మాంసం కొట్లున్నాయి. ఇల్లు ఎర్ర ఇటుకలది, పెద్దది. దారంతా చెప్పాల్సిన మాటలు వల్లెవేసుకుంది.

తలుపు ఆయనే తీశాడు. మెడలో నేప్కిన్ ఉంది. లోపల్నుంచి వేయించిన మాంసం వాసన.

"నార్మన్ కూతురివి కదూ? ఏంటమ్మా ఈ చలిలో?"

"సార్, నిన్న తప్పు నాది. మా నాన్న ఆట వద్దనుకున్నారు. ఏడుగురికి జ్వరం. జనాన్ని పిలిచింది నేను. నాన్న ఆపమంటే ఆగేది, నా మొహం చూసి ఆపలేదు. ఇంకొక్క ఆట ఇవ్వండి సార్. వాళ్ళు లేచాక ఒక్కటి."

ఒక్క మాట కూడా మధ్యలో తెగలేదు. అంత పొడుగు మాట ఆమె ఎప్పుడూ ఎవరితోనూ చెప్పలేదు.

బ్లీస్‌డేల్ భుజం పక్కనుంచి భోజనాల బల్ల కనిపిస్తోంది. అక్కడ బూడిదరంగు కోటు వేసుకున్న ఒకాయన గ్రేవీ గిన్నె అందుకుంటున్నాడు. పోయిన ఏడాది పక్క జిల్లా జట్టును పై డివిజన్‌కి తీసుకెళ్ళిన మేనేజర్. అతని ఫొటో పేపర్లో చాలాసార్లు చూసింది.

"ఇది నిన్న తేల్చింది కాదు తల్లీ," అన్నాడు బ్లీస్‌డేల్ గొంతు తగ్గించి. "నువ్వు పిలిచినా పిలవకపోయినా ఇంతే. అది మనసులో పెట్టుకోకు."

అంటే నిన్న నాన్న గెలిచినా ఇంతేనన్న మాట. లోర్నా తనకు ఊరట కలగాలి కదా అనుకుంది. కలగలేదు.

"అయితే ఇల్లు... ఈ ఏడాది బడి అయ్యేదాకా అయినా..."

బల్ల దగ్గరున్నాయన తల తిప్పి ఆమెను చూశాడు. చూసి, మర్యాదగా చూపు ప్లేటులోకి దించుకున్నాడు.

"ఈయనకీ పిల్లలున్నారమ్మా," అన్నాడు బ్లీస్‌డేల్. "వాళ్ళకీ ఇల్లు కావాలి. జాగ్రత్తగా వెళ్ళు, మెట్ల మీద జారుడుగా ఉంది."

ఆమె మెట్లు దిగేదాకా ఆగి, తలుపు వేసేశాడు.