ఖాళీ కుర్చీలకు వైద్యం

మా వాడలో అందరూ పిన్ని అని పిలిచే చెత్త ఏరే మనిషి అరచేతిలో ఆసుపత్రి సూది దిగి నాలుగు రోజులైంది. చెయ్యి మణికట్టు దాకా ఉబ్బింది. ఆ చేత్తోనే వైద్య శిబిరానికి వెళ్లింది. శిబిరమంటే పెద్ద రోడ్డు మీద, మా వాసన సోకనంత దూరంలో వేసిన షామియానా. నర్సమ్మ ముక్కు మూసుకుని, "ముందు స్నానం చేసి రా" అని తరిమేసింది. మా కుళాయికి నీళ్లు వచ్చేది రోజు విడిచి రోజు. అది రాని రోజు.

నాది పాత సామాన్ల కొట్టు. వాడవాళ్లు ఏరింది కొంటాను. ఎదుటివాడికి ఏం కావాలో మొహం చూసి చెప్పగలను. కాసేపటికే శిబిరం డాక్టరు నా దగ్గరికొచ్చి, "పదకొండింటికి పై ఆఫీసరు వస్తున్నారు. ఫోటోకి రెండొందల మంది కావాలి. నువ్వు చెబితే వస్తారు" అన్నాడు. నాకు లెక్క తేలిపోయింది. మా రోగాలతో వాళ్లకు పని లేదు. మొహాలు కావాలి. ఆ సరుకు మా దగ్గర తప్ప దొరకదు.

మేం చెత్త వేరుచేసే షెడ్డులో వాడవాళ్లందరినీ కూర్చోబెట్టి అదే చెప్పాను.

"ఇప్పుడు తెలిసిందా బాబాయ్?" అంది పిన్ని కోడలు గంపలక్క. "పోయినసారి చేతులు కడుక్కునే పాట పాడించి, చప్పట్లు కొట్టించి, బిస్కెట్టు చేతిలో పెట్టి పంపారు. మమ్మల్ని తోలుకెళ్లింది నువ్వే కదా?"

అవును, నేనే. తల దించుకున్నాను.

"వెళ్లకపోతే మందులివ్వరేమో" గొణిగాడు ఓ ముసలాయన.

"ఏం మందులు తాతా?" అంది గంపలక్క. " నీ దగ్గుకీ నా నడుముకీ ఒకటే బిళ్ల. ఈసారి వాళ్లే రావాలి. మన షెడ్డుకి, మనం పని ముగించే వేళకి. అందాకా ఎవరూ కదలొద్దు!"

ఎవరూ కదల్లేదు. ఆఫీసరు కారు దిగాడు. "పేదల గుమ్మంలోకే వైద్యం" అని డాక్టరు మైకులో అరిచాడు. రెండొందల కుర్చీలు శ్రద్ధగా విన్నాయి.

పావుగంటకు డాక్టరు రుమాలు అడ్డం పెట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. "శుభ్రత తెలియని మనుషులకు ఎంత చేసినా ఇంతే!"

గంపలక్క మేం చెత్తలో ఏరిన సూదుల డబ్బా ఆయన బూట్ల ముందు బోర్లించింది. "ఇదెవరి చెత్త డాక్టరూ? రుమాలు తీసి చూడు. మీ ఆసుపత్రిదే."

డాక్టరు జవాబుకు బదులు ఫోను తీశాడు, పోలీసు జీపు వచ్చింది. ప్రభుత్వ పనికి అడ్డం వచ్చిందంటూ గంపలక్కను ఎక్కించారు. కానీ జీపు కదల్లేదు, ముందు ఆడవాళ్లు బైఠాయించారు. డాక్టరు జారుకోబోయాడు. వాకిలి నిండా మనుషులు.

ముసలాయన గోనె సంచి పరిచాడు.

"కూర్చో. ముందు పిన్ని చెయ్యి చూడు. ఆ తర్వాత గంపలక్కను దింపించడానికి జీపు దగ్గరికి అందరం కలిసే పోదాం."