సోఫా కవరు

సోఫా కవరు జిప్పు సగంలో ఇరుక్కుంటుంది. గోరు విరగకుండా దాన్ని లాగడం ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే వచ్చు. ఈ నెలలో ఇది నాలుగోసారి.

కూతురి స్నేహితురాలు వచ్చి వెళ్లిన ప్రతిసారీ అత్తగారిది ఒకటే మాట. "ఆ పిల్ల కూర్చుంది కదా, కవరు తీసి ఉతికెయ్యమ్మా. వాళ్ల మతం వేరు, తిండి వేరు. అలాగని నేనెవర్నీ ఒక్క మాట అన్లేదే!" నిజమే, అనలేదు. అనదలచుకున్నదంతా కోడలి చేతులతో అనిపించేది. ఆఫీసులో రోజంతా కూర్చుని వచ్చిన నడుముతో బకెట్ మీదికి వంగినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండిపోయేది. భర్తతో చెప్పుకుంటే, పేపరు దించకుండానే, "పెద్దావిడ, ఏం చేస్తాం? ఒక్క కవరే కదా!" అన్నాడు. పట్టింపు ఆవిడది, చాకిరీ తనది. మధ్యలో ఈయనకి మంచివాడన్న పేరు. గొడవెందుకులే అని ఉతికింది. తన మనసులో ఏమీ లేదు కదా, అది చాలనుకుంది.

శనివారం సాయంత్రం ఆ పిల్ల మళ్లీ వచ్చింది. టీ కప్పులతో వచ్చిన ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. సోఫా ఖాళీగా ఉంది. కూతురు బాల్కనీలోంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేస్తోంది. "నువ్విక్కడ కూర్చోవే."

ఆ పిల్ల ఒక్క క్షణం సోఫా వైపు చూసి, స్టూలు మీద కూర్చుంది. "ఇదే నయంలే, సోఫాలో అయితే నిద్రొస్తుంది," అని తనే నవ్వింది.

ఆమె కూతుర్ని వంటింట్లోకి పిలిచింది. "ఏంటే ఆ పని? సోఫాకేమొచ్చింది?"

"నీ కోసమేనమ్మా. మళ్లీ నువ్వే ఉతకాలి కదా. మొన్న నడుం పట్టేసిందన్నావు."

పదిహేనేళ్ల పిల్ల. నాయనమ్మ మాట ఏనాడూ చెవిన పెట్టలేదు. అమ్మ మీద జాలితో మాత్రం అదే నేర్చుకుంది.

ఆమె ముందుగదిలోకి వెళ్లి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూర్చుని టీ తాగింది. కూతురు కాసేపు నిలబడి చూసి, వచ్చి అటుపక్కన ఇరుక్కుంది.

ఆ పిల్ల వెళ్లగానే లోపల్నించి పిలుపు వచ్చింది. "అమ్మాయ్, కవరు!"

ఆమె కదలలేదు. భర్త పేపరుతో సహా గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మ పిలుస్తోంది, వినపడలేదా?"

"వినపడిందండీ. ఒక్క కవరే కదా. జిప్పు వెనకవైపు ఉంటుంది, సగంలో ఇరుక్కుంటుంది. గోరు జాగ్రత్త."