నేను జలతరంగాన్ని కాను

నేను ఒక గ్రామఫోన్ ప్లేటుని. నల్లగా, గుండ్రంగా, నడిమధ్యన ఒక బెజ్జంతో ఉంటాను. నిమిషానికి ముప్పైమూడు చుట్లు తిరుగుతాను, తిరిగినంతసేపూ నిజమే చెబుతాను. అబద్ధాలన్నీ నన్ను తిప్పినవాళ్ళవి. వాళ్ళలో అగ్రగణ్యుడు కావలి మైకుసెట్టు మాల్యాద్రి. నన్ను కన్న మనిషి పేరు చెరిపేసి, పుట్టనే పుట్టని ఒక విద్వాంసుడి పేరు అంటగట్టి, ముప్పయ్యేళ్ళు పెళ్ళిళ్ళు చేయించిన ఘనుడు.

కన్న మనిషి పేరు డెస్మండ్. బిట్రగుంట రైల్వే కాలనీలో ఇంజను డ్రైవరు కొడుకు, ఆంగ్లో ఇండియన్. ముప్పయ్యేళ్ళ వయసులో మద్రాసు వెళ్ళి, ఒకే ఒక్క మధ్యాహ్నంలో నన్ను వాయించి పారేశాడు. వాయించింది వైబ్రఫోన్. చూడనివాళ్ళ కోసం చెబుతున్నా: మంచానికి నవారు బదులు లోహపు పట్టీలు పేర్చినట్టుంటుంది. పట్టీల కింద గొట్టాలు, గొట్టాల నోళ్ళలో రేకు బిళ్ళలు. చిన్న కరెంటు మోటారు ఆ బిళ్ళల్ని తిప్పుతుంటే, నాదం నీళ్ళ మీద ఎండ ఊగినట్టు ఊగుతుంది. కింద కుట్టుమిషనుకున్నట్టు తొక్కుడు ఉంటుంది. నొక్కితే నాదం సాగుతుంది, కాలు తీస్తే తెగుతుంది. ఊలు చుట్టిన పుల్లలు చేతికి రెండేసి పట్టుకుని కొట్టాలి.

అది జాజ్ సంగీతం. జాజ్ అంటే మరేం లేదు, భోజనాల పంక్తిలో చుట్టాల కబుర్లు. ఒకడు ఒక సంగతి ఎత్తుతాడు. తలా ఒకడు దాన్ని తన దారికి లాక్కుపోతాడు. ఇక ఇది తేలదనుకునేసరికి అందరూ మొదటి సంగతికే వచ్చి చేతులు కడుక్కుంటారు.

మేం మూడువందల మందిమి అచ్చయ్యాం. కొన్నవాళ్ళలో సగం మంది డెస్మండ్ చుట్టాలు, తక్కిన సగం ఆ చుట్టాల మొహమాటానికి కొన్నవాళ్ళు. అసలు టేపు మీద కంపెనీవాళ్ళు తర్వాత సబ్బు ప్రకటన రికార్డు చేసుకున్నారు. నా తోబుట్టువుల్లో ఒకడు గోడగడియారమయ్యాడనీ, ఇంకొకడు ఆవకాయ జాడీ మీద మూతగా స్థిరపడ్డాడనీ విన్నాను. నేను బిట్రగుంట రైల్వే క్లబ్బులో పడ్డాను. ఆవిరింజన్లు పోయి, క్లబ్బు మూసేసి, సామాను లాటుగా అమ్మేసిన రోజున మాల్యాద్రి నన్ను కావలికి ఎత్తుకొచ్చాడు. అట్టను అప్పటికే చెదలు తినేశాయి. నా మీదున్న ఇంగ్లీషులో అతను చదవగలిగింది ముప్పైమూడు అనే అంకె ఒక్కటే.

ఒకనాటి పెళ్ళిలో మేళగాళ్ళు ఎక్కిన బస్సు చెడిపోయి రాలేదు. పందిరి మూగబోయింది. చేతికందిన నన్ను తీసి మాల్యాద్రి ముల్లు పెట్టాడు. నా మొదటి స్వరాలు మోగేసరికి పెళ్ళిపెద్ద పెంచలనాయుడు తల తిప్పి చూశాడు.

"ఏందిది మాల్యాద్రీ?"

తెలియదు అనే మాట మాల్యాద్రి నోట పలకదు. "జలతరంగం నాయుడా. ఉదయగిరి తరంగం సుబ్బరామశాస్త్రిగారిది."

అంతే. ఆ పూటకి నేను జలతరంగాన్నయ్యాను. ఏడాది తిరిగేసరికి శాస్త్రిగారికి నలభై పింగాణీ గిన్నెలొచ్చాయి. మంద్రానికి సముద్రపు నీళ్ళు, తారానికి పెన్న నీళ్ళు పోసేవారట. ద్రుతంలో వాయిస్తే గిన్నెలు మరిగేవట. కచేరీ కాగానే ఆ నీళ్ళతోనే కాఫీ కలిపి జనానికి పోసేవారట. ఈ కథ వినీ వినీ, ఆ కాఫీ తాగామని చెప్పుకునేవాళ్ళు కూడా ఊళ్ళో నలుగురైదుగురు తయారయ్యారు. నేను మోగకుండా కావలిలో మూడుముళ్ళు పడటం మానేశాయి.

మాల్యాద్రి నన్ను బాగా చూసుకున్నాడు, కాదనను. ఆయుధపూజ నాడు ఆంప్లిఫయరుకీ మైకులకీ పెట్టినట్టే నాకూ బొట్టు పెట్టేవాడు. గాడుల మీదే పెట్టేవాడు. ముప్పై దసరాల పసుపూ కుంకుమా నా మూడో పాటలో పేరుకుపోయి, ముల్లు అక్కడికి రాగానే టక్కుమనేది. శాస్త్రిగారు ఉంగరం వేలితో గిన్నె అంచు మీటడం అదేనని మాల్యాద్రి వ్యాఖ్యానం.

ఇలా ఉండగా ఎవరో పెళ్ళి వీడియో ఫోన్లలో పెట్టారు. పెళ్ళికూతురి వెనక నేను మోగుతున్నాను. బెంగళూరులో పాత ప్లేట్లు మళ్ళీ అచ్చువేసే చిన్న కంపెనీ నడుపుతున్న షారన్ అనే అమ్మాయి ఆ వీడియో చూసింది. ఆమె డెస్మండ్ మనవరాలు. తాత ఈ ప్లేటు గురించి చెబుతుంటే వినడమే గానీ పాట విని ఎరగదు. తాత దగ్గర కూడా ఒక్క ప్లేటు మిగల్లేదు. కావలి పెళ్ళిలో వైబ్రఫోనేమిటని అనుమానం వచ్చి తాతకు వినిపిస్తే, ఆయన మొదటి స్వరాలకే గుర్తుపట్టాడు. వారం లోపల ఇద్దరూ మాల్యాద్రి కొట్లో ఉన్నారు.

డెస్మండ్‌కి ఎనభై రెండు. రైల్వే కాలనీ తెలుగు మాత్రం చెక్కుచెదరలేదు.

"నా ప్లేటు నీ కాడ ఉండాదంట గదబ్బయా."

మాల్యాద్రికి తన కోతలన్నీ గుర్తొచ్చాయి. ఇది బయటపడితే ఊళ్ళో తలెత్తుకునేదెట్లా? "మీదేదో వేరే అయుంటది దొరా. మా కాడుండేది జలతరంగం," అని మొదలుపెట్టి శాస్త్రిగారి కథ మొత్తం అప్పజెప్పాడు. డెస్మండ్ కుర్చీ ముందుకు జరుపుకుని విన్నాడు.

"ఆ కాఫీలో ఉప్పుండదా? సముద్రం నీళ్ళు గదా?"

"మంద్రం గిన్నెలు వేరే తీసి పెడతారు దొరా," అన్నాడు మాల్యాద్రి, తడుముకోకుండా.

"సరే, ఒక్కసారి వినిపించు. విని పోతా."

కాదనలేక పెట్టాడు. రెండో పాట దగ్గర ముసలాయన వేళ్ళు బల్ల మీద కదలడం మొదలుపెట్టాయి. నా కంటే అర క్షణం ముందు కదులుతున్నాయి. నేను పలకబోయే ప్రతి స్వరం ఆ వేళ్ళకు ముందే తెలుసు. మాల్యాద్రి ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. పాట ఆగాక నన్ను తీసి, తుడిచి, రెండు చేతులతో అందించాడు.

"ఏం ఇయ్యమంటావు?" అంది షారన్.

"నేనేం ఇయ్యమంటాను తల్లీ. దొర ఏం చెయ్యమంటే అది చేస్తా."

"నా పేరు చెప్పు," అన్నాడు డెస్మండ్. "మీ పెళ్ళిళ్ళలో. అంతే."

బెంగళూరులో నాకు స్నానం చేయించడానికి నాలుగు రోజులు పట్టింది. అంత కుంకుమ తీసిన ఇంజనీరు, ఇది ప్లేటా గుడిమెట్టా అన్నాడు. ఆ తర్వాత నాకొక కొత్త తమ్ముడు పుట్టాడు. మందంగా, బరువుగా, నిగనిగలాడుతూ. వాడి పాట విని నాకే సిగ్గేసింది. నా కడుపులో ఇన్నేళ్ళు ఉండి కూడా నేను పలకలేకపోయినవన్నీ వాడు పలుకుతున్నాడు. పెద్ద ఫిడేలును నిలబెట్టి మీటేవాడి ఊపిరి వినిపిస్తోంది. డ్రమ్ములవాడు తీగల కుంచెతో తోలు మీద రాస్తుంటే, అమ్మమ్మ చేటలో బియ్యం ఆడించినట్టుంది. నాలుగో పాట చివర వైబ్రఫోన్ ఆగిపోతుంది. తొక్కుడు మీద కాలు మాత్రం అలాగే ఉంటుంది. చివరి స్వరం సన్నగిల్లి సన్నగిల్లి, మోగుతోందో మానేసిందో తెలియనిచోట నిలుస్తుంది. అక్కడ ఊపిరి బిగపట్టనివాడు చెవుల డాక్టరును చూడటం మంచిది.

పని కాగానే షారన్ నన్నూ, కొత్త ప్లేటొకటీ కావలికి పంపింది. మాల్యాద్రి మాట నిలబెట్టుకున్నాడు. కొత్త ప్లేటు అట్ట మీద డెస్మండ్ పుల్లలు పట్టుకుని నిలుచున్న బొమ్మ చూపిస్తూ ఇల్లిల్లూ తిరిగి, శాస్త్రి లేడు, గిన్నెల్లేవు, అంతా నేను అల్లిందేనని చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక అతను చెప్పిన మొదటి నిజం అది. ఊరు కడుపుబ్బ నవ్వింది. "ఇదే అన్నిట్లోకీ పెద్ద కోత మాల్యాద్రీ," అన్నారు. కాఫీ తాగినవాళ్ళయితే పోట్లాటకే వచ్చారు.

దిక్కుతోచక మాల్యాద్రి బెంగళూరుకి ఫోను కొట్టాడు. పెంచలనాయుడి మనవరాలి పెళ్ళికి డెస్మండ్ వైబ్రఫోన్‌ను వ్యానెక్కించుకుని వచ్చాడు. పందిట్లో, పట్టపగలు, అందరి ఎదుటా రెండో పాట వాయించాడు. నేను మాల్యాద్రి ఒళ్ళో ఉండి విన్నాను. డెస్మండ్ చేతులకి వయసొచ్చింది. రెండుచోట్ల పుల్ల పక్క పట్టీకి తగిలింది. అయినా పందిరి గప్‌చుప్‌గా కూర్చుంది.

ముగిశాక మాల్యాద్రి లేచాడు. "ఇప్పుడైనా నమ్ముతారా? ప్లేట్లో ఉండేది ఈ చెయ్యే."

జనం పెంచలనాయుడి వైపు చూశారు. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, కళ్ళు మూసుకునే తీర్పు చెప్పాడు.

"బాగానే వాయించుండాడు. పాటా అదే. కానీ ప్లేట్లో చెయ్యి వేరే మాల్యాద్రీ."

మాల్యాద్రి నోరు తెరవబోయాడు. డెస్మండ్ చెయ్యెత్తి ఆపాడు.

"నిజమే నాయుడా. ఆ చెయ్యి వేరే. దాని వయసు ముప్పయ్యేళ్ళు."

"అట్ట చెప్పు. ఒప్పుకునే గుణముండాది నీలో," అన్నాడు నాయుడు మెత్తబడి. "నీ పేరేందబ్బయా?"

"డెస్మండ్."

నాయుడు మైకు దగ్గరికి లాక్కున్నాడు. "ఈయన డెస్మండ్ అంట. మన శాస్త్రిగారి బాణీ. ఇంకోటి వాయిస్తాడు, వినండి." మళ్ళీ ముసలాయన వైపు తిరిగి, మైకు తీసేయడం మరిచిపోయి, పందిరంతా వినేట్టు గొంతు తగ్గించాడు. "సాధన చెయ్యి. వస్తది."

"చేస్తా నాయుడా," అని డెస్మండ్ పుల్లలందుకున్నాడు.