ఆరున్నొక్కటి

గౌరీశ్వరికి మొగుడి మీద ఫిర్యాదు ఒక్కటే: ఆ మనిషి తప్పు చెయ్యడు. కూర్మన్నపాలెంలో బస్సు తప్పిపోతే బస్సే ముందొచ్చినట్టు. తాళంచెవి పోతే జేబే జారవిడిచినట్టు. పధ్నాలుగేళ్ల కాపురంలో ఆ నోట “పొరపాటు” అన్నమాట పక్కింటివాళ్ల గురించి తప్ప ఆవిడ వినలేదు.

అలాంటి శ్రీరామ్మూర్తిని స్టీలుప్లాంటు కాలనీవాళ్లు పిల్లల లెక్కల పోటీకి జడ్జీని చేశారు. ఆఖరి ప్రశ్న: తొంభై ఒకటి ప్రధాన సంఖ్యేనా? కన్నబాబు ఔనన్నాడు. జడ్జీగారి కూతురు పద్మావతి కాదంది. జడ్జీగారు కన్నబాబునే గెలిపించారు. ఈ సాయంత్రం మైకులో పిలిచి వాడికి కంపాసు బాక్సు ఇస్తారు.

“అమ్మా, నాను సరిగ్గానే సెప్పేను,” అంది పద్మ, అన్నం కంచం పక్కకి తోసేసి.

బీయెస్సీ లెక్కలు చదివిన గౌరీశ్వరికి ఆ సంగతి తెలుసు. ఆయన ఎక్కడ జారారన్నదే తెలియాలి. తొంభై ఒక్క చింతపిక్కలు లెక్కపెట్టి మొగుడి ముందు చాపమీద పోసింది.

“ఏటిది?”

“జడ్జీగారు ఎలా తేల్చారో నేర్చుకుందామని.”

ఆయన పొంగిపోయి కూర్చున్నాడు. రెండేసి పేర్చాడు, ఒకటి మిగిలింది. మూడేసి, మళ్లీ ఒకటి. ఐదేసి, అప్పుడూ ఒకటే.

“సూసేవా? ఇక పదకొండేసి...”

“పదకొండు పదకొండ్లు నూట ఇరవై ఒకటి. తొంభై ఒకటి దాటిపోయింది, అంతదూరం అక్కర్లేదు. ఐదు తర్వాతి ప్రధాన సంఖ్యని వదిలేశారు.”

 శ్రీరామ్మూర్తిది సబ్బవరంలో కళ్లాల్లో ధాన్యం కొలిచిన వంశం. ఆరో కుంచం తర్వాతదాన్ని పేరుపెట్టి పిలిస్తే ఇంటికి ఏడుపు పట్టుకుంటుందని వాళ్ల భయం.

“మా అయ్య ఆ అంకె నోటంట అన్లేదే. నానూ అన్ను.”

“ఎక్కాల్లో కూడానా?”

“ఆ ఎక్కం సెప్పినరోజు నన్ను బడికే పంపలేదు.”

గౌరీశ్వరి నవ్వు కొంగులో దాచుకుంది. “పోన్లెండి, అనకండి. ఆరున్నొక్కటేసి పెట్టండి.”

ఆయన పిక్కలన్నీ మళ్లీ కలిపేశాడు. పెట్టాడు. పదమూడు కుప్పలొచ్చాయి. చాప అంచెత్తి చూశాడు. కింద ఒక్క పిక్కా లేదు.

“నువ్వేదో సేసేవు.”

“కలిపేసి మళ్లీ పెట్టుకోండి.”

మళ్లీ పెట్టాడు. మళ్లీ పదమూడే.

సాయంత్రం సెక్రటరీగారు బాక్సు చేతబట్టుకున్నారు. కన్నబాబు స్టేజీ మెట్టెక్కాడు. శ్రీరామ్మూర్తి మైకు లాక్కున్నాడు.

“ఆగు బాబూ. తొంభై ఒకటి ప్రధాన సంఖ్య కాదు. ఆ బాక్సు పద్మావతిది.” మూడుసార్లు దగ్గాడు. “తప్పు... తప్పు నాదేనండి. ఒసే గౌరీ, ఇన్నావా? మళ్లీ సెప్పను.”