నాలుగో తెర

"ముందు మా నాన్నకి టయానికి టీ ఇయ్యటం చూడు, తర్వాత ఫ్యాక్టరీకి టయం నేర్పుదువుగాని," అన్నాడు మహేష్ పెళ్లాంతో, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "శనివారానికి తేలకపోతే ఆ ఉద్యోగం మానెయ్. నలుగురూ నవ్వుతున్నారు."

భవ్య నోట్సులో ఇంకో అంకె రాసుకుంది. పొయ్యి దగ్గరున్న శాంతమ్మ కోడలి వంక చూసింది.

దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో, లారీలకు బస్తాలెక్కించే చోట భవ్య కంప్యూటర్ చూస్తుంది. అక్కడ నాలుగు బెల్టులు, ఒక్కోదాని దగ్గర ఒక తెర. ఎన్ని బస్తాలెక్కాయో తెర మీద చూసి బెల్టు ఆపాలి. నాలుగో తెర ఎప్పుడూ వెనకబడేది. అంకె పడేలోపు లారీలో రెండు బస్తాలు ఎక్కువ పడేవి. వాటిని వీపున మోసి దించేది శాంతమ్మ మొగుడు బ్రహ్మయ్యే. వైర్లు మార్చారు, తెర మార్చారు. చివరికి కంప్యూటర్ పిల్లకి చేతకాదన్నారు.

"అసలు దాని రోగమేందమ్మా?" అని అడిగింది శాంతమ్మ, చిక్కుళ్లు ఒలుస్తూ.

"బంతిలో నలుగురు కూర్చున్నారనుకో అత్తయ్యా. మొదటాయన తిని లేచిందాకా రెండో ఆకులో అన్నం పెట్టకపోతే నాలుగో మనిషి గతేంది? మా ప్రోగ్రాం అట్టనే వడ్డిస్తంది. ఒక తెరకి ఆఖరి అక్షరం చేరిందాకా అక్కడే నిలబడి, అప్పుడు రెండోదాని దగ్గరికి పోతంది. నలుగురికీ అయినాక సెకను ఆగి మళ్లీ మొదలు. ఆ ఆలస్యం గూడా కలుస్తంది."

"మరెట్టా?"

"ఎవరి ఆకులో వాళ్లకి పెట్టేసి ముందుకి పోవటమే. తినేది వాళ్లే తింటారు. వడ్డన అయినాక సెకను లెక్కెట్టుకోకుండా, గడియారం చూసి సెకను సెకనుకీ మళ్లీ రావాల."

శాంతమ్మకి ముచ్చటేసింది. మూడు రోజులు ఈ పిల్ల ఆ దుమ్ములో నిలబడి, ఏ తెర మీద ఏ సెకనుకి అంకె పడిందో నోట్సులో నాలుగు వరసలుగా రాసుకొచ్చింది. అంతమంది మగవాళ్లు వైర్లు పీకారే గాని, వరసనెవరూ అనుమానించలేదు. ఆ మాటకొస్తే తనూ అనుమానించలేదు. ముప్ఫై అయిదేళ్లుగా బ్రహ్మయ్య తిని లేచిందాకా పక్కనే నిలబడింది. తర్వాత కొడుకు, ఆ తర్వాత కోడలు, చివర్న మొగుడు తిన్న కంచంలోనే చల్లారిన అన్నంతో తను. అదొక లోపమని ఎవరూ అనలేదు, వైరైనా మార్చి చూడలేదు.

శనివారం సాయంత్రం బ్రహ్మయ్య నడుము పట్టుకోకుండా ఇంట్లోకి వచ్చాడు. "ఇయ్యాల ఒక్క బస్తా దించలేదే. వైరు బాగుచేసినట్టున్నారు."

"వైరు కాదయ్యా, నీ కోడలు," అంది శాంతమ్మ.

బ్రహ్మయ్య కోడలి వైపు తిరిగాడు. "నువ్వేనా అమ్మా? నా నడుము నిలబెట్టావు."

"ఏదో గుడ్డిగా తగిలిందిలే," అన్నాడు మహేష్ ఫోనులోంచి తలెత్తకుండా. "అన్నం పెట్టమ్మా."

శాంతమ్మ స్టూలెక్కి, అటక మీద నుంచి స్టీలు కంచం ఒకటి దించింది. పుట్టింటివాళ్లు పెళ్లికి ఇచ్చింది, అంచున ఆమె పేరు చెక్కి ఉంది. కడిగి, మిగతా మూడింటి పక్కన పెట్టి, నాలుగింటిలోనూ పొగలు కక్కే అన్నం వరసగా వడ్డించింది.

"ఏందే, ఎవరన్నా వస్తన్నారా?" అన్నాడు బ్రహ్మయ్య.

"వచ్చా," అంది శాంతమ్మ, పీట వాల్చుకుంటూ.