కొంగలు గెలిచిన బుధవారం

ఇపో ఊళ్ళో పొద్దున్న ఏడయ్యేసరికి తాతబాబు ఎడమచేతికి రెండు సూదులు దిగిపోయి ఉండేవి. సోమ, బుధ, శుక్రవారాలు, రోజుకి నాలుగు గంటలు. ఒక సూదిలోంచి రక్తం యంత్రంలోకి వెళ్ళి, శుభ్రపడి, రెండో సూదిలోంచి ఒంట్లోకి వచ్చేది. ముప్పయ్యేళ్ళు కలప లారీ తోలిన మనిషిని కదలకుండా కూర్చోమంటే ఎలా ఉంటుందో ఆయన ఎవరికీ చెప్పలేదు. మొదటి మూడు నెలలూ పైకప్పు కేసి చూస్తూ గడిపాడు. ఒకరోజు ఇంటికి వెళ్తుండగా కారులో భార్యతో, "లచ్చిమీ, ఇది ఆపేస్తే ఏటవుద్దో డాక్టర్ని అడుగుదామా" అన్నాడు. కారు తోలుతున్నది రామలక్ష్మి. ఇంటి మలుపు దాటి వెళ్ళిపోయి, చాలా దూరం పోయి, మళ్ళీ చుట్టు తిరిగి వచ్చింది.

ఆ డయాలసిస్ సెంటర్లో గోడకి ఒక టీవీ ఉండేది. దాని రిమోట్ ఎప్పుడో పోయింది. ఎవరో చివరిసారి పెట్టిన స్పోర్ట్స్ చానల్ దగ్గరే అది ఆగిపోయింది. పొద్దున్నపూట అందులో తెల్ల ప్యాంట్లు వేసుకున్న మనుషులు పచ్చటి గడ్డిలో నిలబడి ఉండేవాళ్ళు. ఉమ్మేసేవాళ్ళు, టోపీ సర్దుకునేవాళ్ళు, ఒకడి కేసి ఒకడు చూసుకునేవాళ్ళు. ఆట మొదలవడం కోసం వాళ్ళు ఎదురు చూస్తున్నారని తాతబాబు మొదటిరోజు గంటన్నర సేపు అనుకున్నాడు. తర్వాత తెలిసింది, ఆట అప్పటికి సగం అయిపోయిందని.

"ఇది ఏటమ్మా?" అని తర్వాతిసారి రాగానే నర్సు భారతిని అడిగాడు. భారతి దగ్గర్లోని సుంగై సిపుట్ పిల్ల. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడమంటే రెండు ముక్కలకి మించి రావు. ఆ ఊరివాళ్ళందరిలాగే మాట చివర ఊరికే 'లా' అని తగిలిస్తుంది.

"బేస్‌బాల్ అంకుల్. అమెరికాలో. ఇప్పుడు వాళ్ళకి సాయంత్రం ఏడు లా."

తాతబాబు గోడ గడియారం చూశాడు. ఇక్కడా ఏడే. ముళ్ళు రెండు చోట్లా ఒక్కలాగే ఉన్నాయి. ఇక్కడ కిటికీలోంచి ఎండ మెల్లగా నేల మీదికి దిగుతుంటే అక్కడ మైదానం చుట్టూ దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆ మాట ఆయనకి ఎందుకో నచ్చింది. రక్తం ఒంట్లోంచి బయటికి వెళ్ళి వచ్చినట్టే తనూ ఎక్కడికో వెళ్ళి వస్తున్నట్టు ఉంది.

అలా మొదలైంది. చానల్ ఎక్కువగా చూపించే జట్టు పేరు పోర్ట్ మార్లో హెరాన్స్. హెరాన్ అంటే కొంగ అని భారతి ఫోన్లో వెతికి చెప్పింది. టోపీల మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ ఉంది. ఆ రోజు నుంచి వాళ్ళు తాతబాబుకి కొంగలోళ్ళు. ఆటలోని పేర్లన్నీ ఆయనే పెట్టుకున్నాడు. బంతి విసిరేవాడు ఇసురోడు. వెనక గొంతుక్కూర్చుని పట్టుకునేవాడు పీటలేనోడు. పరిగెత్తి చేరాల్సిన తెల్ల సంచులు దిండ్లు. నాలుగు దిండ్లూ చుట్టి వస్తే ఇల్లు చేరినట్టు, అది ఒక పరుగు. కొంగల్లో లావుపాటి వయసు మళ్ళిన ఆటగాడొకడు అచ్చం రామలక్ష్మి తమ్ముడు గణేశన్‌లా ఉండేవాడు. బొజ్జ, మీసం, తప్పు చేసి ఆకాశం కేసి చూడటం, అన్నీ అవే. వాడికి బావమరిది అని పేరు పెట్టాడు.

"మా బావమరిది మళ్ళీ బ్యాటు ఊపినాడు. ఈగలు తోలీడానికైతే బాగుణ్ణు" అని హాలంతా వినబడేలా అనేవాడు. కళ్ళు మూసుకుని పడుకున్న పేషెంట్లు నవ్వేవాళ్ళు. తెలుగు రానివాళ్ళకి అరవంలో చెప్పేవాడు. నేల తుడిచే మీనాచ్చి బకెట్టు పక్కన పెట్టి కాసేపు నిలబడేది.

పక్క కుర్చీ రేమండ్‌ది. అరవై ఆరేళ్ళ మనిషి. పుట్టింది రబ్బరు ఎస్టేటులో, బతికింది దూరాన క్లాంగ్‌లో. అక్కడ తెలుగు చర్చిలో నలభై ఏళ్ళు ఆదివారం ఆదివారం బైబిలు చదివి వినిపించాడు. భార్య పోయాక కూతురు జాక్వెలిన్ ఇపోకి తెచ్చుకుంది. ఇక్కడ ఆయన చదివితే వినేవాళ్ళు లేరు. మనవలకి తెలుగు రాదు. మొదట్లో తాతబాబు మాటలకి ముఖం అటు తిప్పుకునేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "నాను అవతలోళ్ళ పక్షం" అన్నాడు.

"అవతలోళ్ళు ఎవరో తెల్సా రేమండన్నా నీకు?"

"తెల్దు. మీ కొంగలోళ్ళు కాకపోతే సాలు."

ఆ పూట నుంచి కొంగలతో ఎవరు ఆడితే వాళ్ళ పక్షం రేమండ్. చాలా సుఖమైన పక్షం అది. ఎందుకంటే కొంగలు రోజూ ఓడేవాళ్ళు. ఆగస్టు వచ్చేసరికి వరసగా పద్నాలుగు ఆటలు ఓడిపోయారు. మంగళ గురువారాల్లో ఆటలు చూడటానికి ఇంట్లో ఆ చానల్ లేదు. భారతి ఫోన్లో చూసి స్కోరు చెబితే, "అవునా" అని తాతబాబు చుట్టం పోయినట్టు తలాడించేవాడు. కాని శుక్రవారం పొద్దున్న మళ్ళీ రామలక్ష్మి కంటే ముందు లేచి, చొక్కా వేసుకుని కారు దగ్గర నిలబడేవాడు. ఆపేద్దామన్న మాట మళ్ళీ ఎత్తలేదు. సెంటరుకి వెళ్ళే తోవలో రామలక్ష్మి, "ఇయ్యాల ఎవరితో అంట" అనేది.

ఆ బుధవారం అక్కడ వాన పడింది. మైదానం మీద పెద్ద గుడ్డ కప్పేశారు. టీవీలో నలభై నిమిషాలు ఆ గుడ్డనే చూపించారు. వాన చినుకులు దీపాల వెలుగులో తెల్లటి దారాల్లా దిగుతున్నాయి. హాల్లో ఏసీ చల్లగా ఉంది, యంత్రాలు ఒకే శ్రుతిలో గుయ్యిమంటున్నాయి. సగంమంది నిద్రపోయారు. తాతబాబు నిద్రపోలేదు. గుడ్డ మీద మడుగు కట్టిన నీళ్ళని చూస్తూ ఉండిపోయాడు.

మళ్ళీ ఆట మొదలై ఎనిమిదో ఇన్నింగ్స్ వచ్చింది. మొత్తం తొమ్మిదే. కొంగలు మూడు, అవతలివాళ్ళు అయిదు. మొదటి దిండు మీద ఒక కొంగ నిలబడి ఉంది. బ్యాటు పట్టుకుని బావమరిది వస్తున్నాడు.

"ఇంక ఇంటికి పోవచ్చు" అన్నాడు రేమండ్.

తాతబాబు ఏదో అనబోయాడు. నోరు తిరగలేదు. చెవుల్లో నీళ్ళు పోసినట్టయింది. టీవీలోని పచ్చదనం గోడ మీదినుంచి మెల్లగా జారి, నేల మీద పరుచుకుని, ఆయన పాదాల దాకా వచ్చింది.

చెప్పుల్లేని కాళ్ళకి తడి గడ్డి తగిలింది. చుట్టూ దీపస్తంభాలు, వాటి వెనకాల వరసలు వరసలుగా రబ్బరు చెట్లు. చిన్నప్పటి ఎస్టేటే. చెట్ల మధ్యన ఎవరెవరో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు గాని చప్పుడు లేదు. చెట్ల వరస వెంబడి తల్లి వస్తోంది. తలకి గుడ్డ చుట్టుకుని ఉంది, చేతిలో రబ్బరు పాల బకెట్టు. తొందర లేకుండా నడిచి వచ్చి, బకెట్టుని రెండో దిండు మీద దించి నడుము మీద చెయ్యి వేసుకుంది.

"ఏటిరా, ఎవులు గెలస్తన్నారు?" అంది.

"ఇంకా అవనేదే అమ్మా."

"అయితే అయ్యీదాకా ఉండు మరి" అని మళ్ళీ బకెట్టు ఎత్తుకుంది. ఆయన వెంట వెళ్దామనుకున్నాడు. కాళ్ళు గడ్డిలోంచి రాలేదు. ఆమె చెట్ల వరస చివరిదాకా వెళ్ళి, ఆ తెల్లటి వెలుగులో సన్నబడి కనబడకుండా పోయింది.

"అంకుల్. అంకుల్, కళ్ళు తెరవండి."

భారతి మొహం మీద మొహం పెట్టి పిలుస్తోంది. కుర్చీ వెనక్కి వాల్చేసి ఉంది, కాళ్ళు ఎత్తున ఉన్నాయి. గొట్టంలోంచి సెలైను ఎక్కుతోంది. ఇంకో నర్సు బీపీ చూసి అంకె చెప్పింది. భారతి నుదుటి మీది చెమట మోచేత్తో తుడుచుకుంది.

"ప్రెషర్ పడిపోయింది లా. భయపెట్టేశారు."

తాతబాబు టీవీ కేసి కళ్ళు తిప్పాడు. "మా బావమరిది ఏం సేసినాడు?" అన్నాడు.

టీవీలో అప్పటికి వేరే ఎవరో ఆడుతున్నారు. మూలన స్కోరు అయిదు అయిదు అని ఉంది. ఆయన తల ఎత్తబోతే భారతి భుజం పట్టి పడుకోబెట్టింది. పక్కనుంచి రేమండ్ గొంతు సవరించుకున్నాడు. ఆయన ఒళ్ళో పాత న్యూస్‌పేపరు ఉంది. దాని అంచుల్లో ఖాళీ ఉన్నచోటల్లా చిన్న చిన్న అక్షరాలతో నిండిపోయి ఉంది.

"నువ్వు సూడనేదు కదా అని రాసినాను."

"తెలుగులోనా? నాకు తెలుగు సదవడం రాదు కదా. మా ఎస్టేటు బడి అరవ బడి."

"నాను సదువుతాను, ఇను" అని రేమండ్ కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కున్నాడు. ఆయనకి తెలుగు రాయడమంటే తెలిసింది ఒక్కటే తెలుగు, బైబిలు తెలుగు. ఆ తెలుగులోనే రాశాడు. చర్చిలో నిలబడ్డప్పటి గొంతుతో చదివాడు.

"అప్పుడు బావమరిది అనబడిన బహు స్థూలకాయుడు దండమును చేతపట్టుకొని నిలువబడెను. విసురువాడు మొదటి బంతిని విసరగా అతడు దాని తట్టు చూడకయుండెను. రెండవదానిని కొట్టబోయి తప్పిపోయెను. జనసమూహము మిక్కిలి దుఃఖపడెను. మూడవది బయటికి పోయెను. నాలుగవ బంతిని అతడు తన బలమంతటితో కొట్టగా అది పైకి లేచి, దీపస్తంభముల ఎత్తున పోయి, గోడ అవతల పడెను. అంతట అతడును, అతనికి ముందుగా దిండు మీద ఉన్నవాడును, ఒకని వెంబడి ఒకడు తమ యింటికి చేరిరి. అచ్చట గొప్ప కేకలు పుట్టెను. అతని బావయైన తాతబాబు మాత్రము నిద్రించుచుండెను. మేము అతని నిమిత్తము కలతపడితిమి."

తెలుగు రానివాళ్ళు కూడా ఆ గొంతు విని ఇటు తిరిగారు. తాతబాబు నవ్వుదామనుకున్నాడు. నవ్వు వచ్చింది, దాంతోపాటు కళ్ళలోకి నీళ్ళు కూడా వచ్చాయి. కుడిచేతి వెనకభాగంతో తుడుచుకున్నాడు.

"అవతలోళ్ళ పక్షం కదా నువ్వు. మావోణ్ణి గురించి అంత బాగా రాసినావేటి?"

"రాసీటప్పుడు పక్షం ఉండకూడదు లా" అన్నాడు రేమండ్, పేపరు మడిచి.

తొమ్మిది ఇన్నింగ్స్ అయినా ఆట ఎటూ తేలకుండా సాగింది. పదో ఇన్నింగ్స్ నుంచి రెండో దిండు మీద ఒకణ్ణి ఊరికే నిలబెట్టి ఆడిస్తారు, ఆట తొందరగా తెమలాలని. అయినా అది తెమల్లేదు. పదకొండు గంటలకి సూదులు తీసేశారు. రెండో పూట పేషెంట్లు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. రేమండ్ దూది నొక్కుకుంటూ లేచి కుర్చీ ఖాళీ చేశాడు గాని బయటికి వెళ్ళలేదు, వచ్చి తాతబాబు కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"అంకుల్ ఇంకో ఇరవై నిమిషాలు పడుకోవాలి. ప్రెషర్ చూడాలి" అని భారతి తలుపు దగ్గరున్నవాళ్ళకి చెప్పింది. మామూలుగా పది నిమిషాలే. ఆమె కూడా టీవీ కేసే తిరిగి నిలబడింది. రామలక్ష్మి లోపలికి వచ్చి, భర్త మొహం చూసి, భారతి మొహం చూసి, ఏదో జరిగిందని గ్రహించి చెయ్యి పట్టుకుంది.

పన్నెండో ఇన్నింగ్స్‌లో ఒక కుర్రకొంగ బంతిని మెల్లగా తట్టాడు. కొట్టడం కూడా కాదు. అది గడ్డిలో దొర్లుకుంటూ పోయింది. అవతలివాడు వంగి పట్టుకుని విసరబోతే తడిబంతి చేతిలోంచి జారింది. ఆపాటికి మూడో దిండు మీదినుంచి ఒక కొంగ పరుగెత్తుకొచ్చి ఇల్లు చేరాడు. ఆరు, అయిదు.

ఎవరూ అరవలేదు. టీవీలో మాత్రం కొంగలు ఒకడి మీద ఒకడు పడుతున్నారు, నీళ్ళు చల్లుకుంటున్నారు. బావమరిది అందరికంటే ఆలస్యంగా, రొప్పుకుంటూ వచ్చి ఆ గుట్ట మీద పడ్డాడు. ఇక్కడ మీనాచ్చి నవ్వుతూ బకెట్టు ఎత్తుకుంది. తలుపు దగ్గర నిలబడ్డ ముసలి చైనాయన, ఏ ఆటో ఎవరి ఆటో తెలియకపోయినా, రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టాడు.

"గెలిసినారా?" అంది రామలక్ష్మి.

"గెలిసినారు" అన్నాడు తాతబాబు. ఆ మాట మళ్ళీ ఒకసారి అని చూసుకున్నాడు.

ఆ సంవత్సరం కొంగలు అట్టడుగునే మిగిలారు. గురువారం నుంచే మళ్ళీ ఓడటం మొదలుపెట్టారు. కాని శుక్రవారం తాతబాబు సంచిలో ఒక నోటుబుక్కు తెచ్చి రేమండ్ ఒళ్ళో పెట్టాడు. రేమండ్ ఆట రాసేవాడు, చదివేవాడు. కొన్నాళ్ళకి తాతబాబు, "ఇందులో బావమరిది ఎక్కడున్నాడు సూపించు" అన్నాడు. రేమండ్ వేలు పెట్టి చూపించాడు. బ, దీర్ఘంతో. దాని పక్కన వ. తర్వాత ఇసురోణ్ణి అడిగాడు, దిండుని అడిగాడు. అక్టోబరులో ఆటలు అయిపోయి టీవీలో ఎవరో మంచు మీద జారుతుండగా, ఆయన పాత పేజీలు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదువుతుండేవాడు. ఎక్కడ తప్పితే అక్కడ రేమండ్ కళ్ళు తెరవకుండానే దిద్దేవాడు.

దీపావళి ముందు ఒక శనివారం రామలక్ష్మితో తెలుగువాళ్ళ గుడికి వెళ్ళాడు. గుమ్మం పక్కన గోడకి నీలం రంగు రేకు పలక ఒకటి ఉంది, మీద తెల్లటి తెలుగు అక్షరాలు. చదవడం రాకపోయినా ఎన్నో ఏళ్ళుగా అందరూ దాన్ని తాకి కళ్ళకి అద్దుకుని లోపలికి పోతారు. ఆ వేళ తాతబాబు దాని ముందు ఆగాడు. పెదవులు కదుపుతూ చదివాడు. చె. ప్పు. లు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. చెప్పులు ఇక్కడ విడువవలెను.

వెనక రామలక్ష్మి పూలబుట్టతో నిలబడి ఉంది. "ఏటని ఉంది?" అంది. భర్త తెలుగు చదవడం ఆమె చూడటం అదే మొదలు.

తాతబాబు చెప్పులు విడిచి, వాటిని కాలితో గోడవారకి నెట్టాడు. "మంచిమాటే ఉంది" అని పలకని తాకి కళ్ళకి అద్దుకున్నాడు. రామలక్ష్మి కూడా అద్దుకుంది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.