మట్టిగుంటల దారి

దొర మనుషులు అంజులో అనే రైతు పెరట్లో ఉత్తా చెట్లు నరుకుతుంటే ఉకుమె కంచె అవతల నిలబడి చూసింది. ఉత్తా చూడ్డానికి అరటిలాగే ఉంటుంది గానీ దాన్ని పెంచేది పండు కోసం కాదు, బోదె కోసం. దామోత కొండ కింద పల్లెలకు ఆ బోదె పిండే తిండి. ఏళ్ల తరబడి పేడ వేసి పెంచిన చెట్లు ఒక్క పూటలో నేలకూలాయి. అంజులో తల్లి దల్గితె ఒక బోదెను కావలించుకుని, శవం దగ్గర ఏడ్చినట్టు ఏడ్చింది. ఊరంతా వచ్చి ఆమె చుట్టూ కూర్చుంది. ఉకుమె మాత్రం కంచె దాటలేదు. ఆమె కుమ్మరిది. ఆ కొండ కింద కుమ్మరివాళ్లు అంటరానివాళ్లు. ఎంత దుఃఖమొచ్చినా వాళ్లు ఇంకొకరి వాకిట్లో కూర్చోకూడదు.

అంజులో చేసిన నేరం ఒక్కటే. ఈసారి మొక్కజొన్నలో సగం దొర కొట్టుకు మోసేది లేదని కళ్లంలో అందరి ముందూ అన్నాడు. చెరకు తోటల్లో కూలికి పోయి, అక్కడ సమ్మె చూసి వచ్చినవాడు మరి. ఆ సాయంత్రం మగవాళ్లంతా కూడారు.

"ఇయ్యాళ చెట్లు నరికాడు. రేపు తలలు నరుకుతాడురా," అన్నాడు ముసలి టోషె.

"నరకనీ పెదనాన్నా. మోసే తలలే లేకపోతే వాడి కొట్టు ఎట్టా నిండుద్ది?" అన్నాడు అంజులో.

కొందరు నవ్వారు. నవ్వినవాళ్లు ముందు ఒప్పుకున్నారు, నవ్వనివాళ్లు తర్వాత ఒప్పుకున్నారు. ఎవరూ గింజ మోయలేదు.

దొర పేరు వందిరాద్. అతని తాత ఉత్తరాది నుంచి తుపాకీతో వచ్చి ఈ నేలకు యజమాని అయ్యాడు. మనవడికి నేలొచ్చింది గానీ నేల సంగతి తెలియలేదు. తిండి అంటే గింజే అనుకున్నాడు. ఊళ్లో గాదెలన్నిటికీ తాళాలు వేయించి, తుపాకీవాళ్లను కాపలా పెట్టాడు. "ఆకలేస్తే మీరే మోసుకొస్తార్రా," అన్నాడు.

ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. గీకిన ఉత్తా పిండి ఆకులు పరిచిన గుంటల్లో, కాళ్ల కింద భూమిలో పులుస్తూ ఉంది. ఆ పిండి సంగతి మగవాళ్లకు సగమే తెలుసు. బోదె గీకే చోట ఆకులతో తెర కడతారు. ఆ తెర దాటి మగవాడు, కట్టుకున్న మొగుడైనా సరే, లోపలికి రాకూడదు. వస్తే ఊరంతా ఎగతాళి చేస్తుంది. అందుకే సమ్మె సంగతులన్నీ ఆ తెర వెనకే తేలేవి.

కానీ పులిసిన పిండికి వాసన ఉంటుంది. దొర పెత్తందారు మెంగెషా ఆ వాసన పట్టుకుంటూ వెళ్లి ఒక పెరట్లో గుంట తవ్వించాడు. పిండి మీద కిరోసిన్ పోయించాడు. మర్నాటి నుంచి పెరడు పెరడూ తవ్వడం మొదలైంది.

ఆ రోజు తెర బయట నుంచి ఒక గొంతు వినిపించింది.

"నా గుంటలున్నాయి."

లోపల గీకుడు చప్పుడు ఆగిపోయింది. "ఎవరదీ?"

"నేనే, కుమ్మరి ఉకుమెని. మట్టి తవ్విన గుంటలు బోలెడు ఖాళీగా పడున్నాయి. దొర మనుషులు నా గుమ్మం తొక్కరు."

"మేం మాత్రం తొక్కుతామా ఏంటి!" అంది ఒక పడుచు. అందరూ నవ్వారు.

దల్గితె నవ్వలేదు. "నీ గుంటలో పెట్టిన పిండి తింటే రేపు మా ఆడపిల్లల్ని ఎవడు చేసుకుంటాడే?"

"తినకపోతే దొరకి మొయ్యండి. నాకేం పోయింది? నా మట్టిలో నేనెవడికీ సగం ఇవ్వక్కర్లేదు."

మాట కటువుగానే అంది. మనసులో ఉన్నది వేరు. మొగుడు పోయాక ఆమె వాకిట్లోకి మనుషులు వచ్చి ఎరగరు. కుండలు కావలసినవాళ్లు కూడా కంచె బయటే నిలబడి, నేల మీద పరిచిన ఆకులో జొన్నలు పైనుంచి ధారగా పోసి వెళ్లేవాళ్లు. ఆకును ముట్టుకోకుండా పోయడం పసిపిల్లలకు కూడా తెలుసు. ఎవరైనా వస్తారేమోనన్న ఆశతోనే ఆమె ఆ తెర దాకా వెళ్లింది.

మగవాళ్ల దగ్గర పెద్ద గొడవే అయింది.

"చెరకు తోటలో అందరం ఒకే డేగిసాలోది తిన్నాం," అన్నాడు అంజులో. "ఎవడి చెయ్యీ పడిపోలేదు."

"అది పరాయి ఊరురా. ఇక్కడ మన పెద్దలు పైనుంచి చూస్తుంటారు," అన్నాడు టోషె.

"దొరకి మోసేటప్పుడు చూళ్లేదా వాళ్లు?"

మగవాళ్లు ఏదీ తేల్చకుండానే లేచి ఇళ్లకు పోయారు. తెల్లవారి మంచులో ఆడవాళ్లు మాత్రం ఆకుల మూటలతో ఉకుమె వాకిట్లోకి నడిచారు. పిండి గుంటల్లో దాచారు, వారం వారం వచ్చి కావలసినంత తీసుకెళ్లారు. ఉకుమెతో ఒక్కరూ మాట్లాడలేదు, ఆమె మొహం చూడలేదు. ఇంట్లో "పాత గుంటలోది" అని చెప్పి రొట్టెలు కాల్చారు. ఏ పాత గుంట అని మగవాళ్లు అడగలేదు. ఊరు ఊరంతా ముక్కు మూసుకుని తిని సమ్మె నిలబెట్టింది. మెంగెషా కంచరగాడిద మీద అటే వెళ్తూ, పిండి వాసన తగిలితే "కుమ్మరిదాని కంపు" అని ఉమ్మేసి పోయాడు.

ఉకుమె ఒంటరితనం తీరలేదు. ఇంకా పెరిగింది. ఇన్నాళ్లూ ఎవరూ రాకపోవడం ఒక బాధ, వచ్చి పలకరించకపోవడం ఇంకో బాధ. కానీ వాకిలి ముందు గడ్డి నలిగి సన్నగా దారి పడింది. ఆ ఇంటికి దారంటూ పడటం అదే మొదలు. ఆమె సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని దాన్నే చూసుకునేది.

ఆ దారే మెంగెషా కంట్లో పడింది.

"ఎవడూ తొక్కని గుమ్మానికి దారెట్టా పడిందే?" అంటూ గాడిద దిగాడు. గుంటలన్నీ తవ్వించాడు. "ఎవరిదీ పిండి?"

"నాదే దొరా."

"ఇంత పిండి నీ ఒక్కదానికా?"

"నాకు ఆకలెక్కువ."

తుపాకీ మడమతో కొట్టారు. పేర్లు చెబితే వదిలేస్తామన్నారు. ఒక్క పేరు చెబితే ఒక కుటుంబం ఆ రాత్రికే నేల వదిలి పోవాలి. ఆమె చెప్పలేదు. చేతులు కట్టి ఊరి మధ్య నుంచి సోడో పట్నం ఠాణాకి నడిపించారు. కంచెల వెనక అందరూ నిలబడి చూశారు. ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. దల్గితె కళ్లలోకి ఉకుమె ఒకసారి చూసింది. దల్గితె తల దించుకుంది.

ఠాణాలో ఖైదీలకు తిండి పెట్టరు. ఎవరి బంధువులు వాళ్లకు తెచ్చుకోవాలి. పక్క గదిలో దొంగకు తల్లి రొట్టె తెచ్చేది. ఉకుమెకు ఎవరున్నారు? నీళ్లు తాగి గోడకు ఆనుకుని పడుకుంది. గిఫాతా పండుగ వచ్చింది. ఊళ్లో కోడెను కోసి, పచ్చి మాంసం నూరిన మిరపకారంలో అద్దుకుని అంతా కలిసి తినే రోజు. ఏటా ఆ పాటలు ఆమె దూరం నుంచే వినేది. ఈసారి అవి కూడా వినపడవని ఏడుపొచ్చింది.

కానీ పొద్దెక్కాక పాట వినిపించింది. ఠాణా వాకిట్లోనే వినిపించింది.

"ఏంటీ మంద? ఎవరు కావాలి?" జమాదారు అరిచాడు.

"ఉకుమె." అది దల్గితె గొంతు.

"ఆ కుమ్మరిదా? నువ్వు దానికేమవుతావు?"

లోపల ఉకుమె తలుపు సందుకు చెవి ఆనించింది.

"ఆమె గుంటలో పిండి తిని బతికినదాన్ని. ఆ పిండి నాది. రాసుకో."

"నాది కూడా," అంది తెర వెనక నవ్విన పడుచు.

"మా ఇల్లంతా తిన్నాం. నా పేరు అంజులో."

"నేనూ తిన్నా. తెలిసే తిన్నా," అన్నాడు టోషె. "గింజ మాత్రం మొయ్యం. అదీ రాసుకో."

జమాదారు లాఠీ ఎత్తాడు. ఎవరూ కదలలేదు. ఠాణాకి ఉన్నవి రెండే గదులు, వాకిట్లో ఉన్నది ఊరు. తిట్టుకుంటూ తలుపు తీసి ముందు దొరికిన దల్గితెను లోపలికి నెట్టాడు.

దల్గితె చంకలో రొట్టె మూట ఉంది. ఉకుమె అలవాటుగా కింద పడున్న ఆకుముక్క అందుకుని, ముందు పరిచి, చేతులు వెనక్కి తీసుకుంది. దల్గితె ఆ ఆకును పక్కకు నెట్టేసింది. రొట్టె విరిచి సగం ఆమె చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"జరుగు ఉకుమే," అంది. "ఇంకా చాలామంది వస్తున్నారు."

ఉకుమె గోడ వైపు జరిగి చోటిచ్చింది.